ఇష్టమా, పట్టుకోవడమా? – సముద్రపు విసనకర్ర నేర్పే పాఠం



చిలకను పంజరంలో పెట్టడం తప్పని ఇప్పుడు చాలామందికి తెలుసు. చిలక అరుస్తుంది, రెక్కలు కొట్టుకుంటుంది, తలుపు తెరిస్తే ఎగిరిపోతుంది. దాని బాధ కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది. అలాంటి బాధకు మనసు కరగడం పెద్ద విశేషం కాదు. అసలు పరీక్ష అరవని, పారిపోలేని, ముఖమే లేని ప్రాణి దగ్గర ఉంది. అక్కడ మన మెత్త, మన కరుణ ఎంతదూరం పోతాయి? అలాంటి ఒక ప్రాణి గురించి ఈ చిన్న పుస్తకంలో మాట్లాడుకుందాం. దాన్ని ఇంగ్లీషులో సీ ఫ్యాన్ అంటారు. మనం సముద్రపు విసనకర్ర అనుకుందాం.

"మనుషుల కష్టాలే తీరడం లేదు, సముద్రం అడుగున ఉండేదాని గొడవ మనకెందుకండీ?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి రెండు జవాబులు చెబుతాను. ఒకటి, అది సముద్రం అడుగునే ఉండిపోలేదు. కొందరి ఇళ్ళలో గాజుతొట్టిలోకి, ఇంకొందరి ఇళ్ళలో గోడ మీద పటంలోకి వచ్చేసింది. రెండోది, దాన్ని తెచ్చిపెట్టుకునేటప్పుడు మన మనసు పనిచేసే తీరు, మనుషుల విషయంలో పనిచేసే తీరు ఒకటే. ఈ రెండో సంగతి చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మొక్కా, జంతువా?

చూడటానికి అది ఆకులు లేని చెట్టులా ఉంటుంది. బురదనీళ్ళలో కుళ్ళబెట్టిన రావి ఆకులో పచ్చదనమంతా పోయి ఈనెల జల్లెడ మిగులుతుంది చూశారా, అట్లా. ఎరుపు, పసుపు, ఊదా, నారింజ – రకరకాల రంగులు. అడుగున రాతికి అంటుకుని, పైకి విసనకర్రలా ఒకే పలకగా పరుచుకుంటుంది. జానెడు ఉండేవి ఉన్నాయి, మనిషి కంటే వెడల్పయినవీ ఉన్నాయి.

అది చెట్టు కాదు. పగడానికి దగ్గరి చుట్టం, జంతుజాతి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక జంతువు కాదు, వేల చిన్న జంతువులు కలిసి కట్టుకున్న ఊరు. ఒక్కొక్కదాన్నీ పాలిప్ అంటారు. ఒక్కో పాలిప్‌కు నోటి చుట్టూ ఎనిమిది చేతులు, ఆ చేతులకు ఈకల్లాంటి అంచులు. మధ్యలో కొమ్ములాగా వంగే ప్రొటీన్ కాడ. దాని మీద కండ పొర. ఆ పొరలో కంటికి ఆనని సున్నపు ముక్కలు. చాలా రకాల్లో రంగు ఉండేది ఆ సున్నపు ముక్కల్లోనే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇవి జంతువులని లోకం ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. 1720ల్లో ఫ్రాన్సులోని మార్సెయ్ పట్నపు వైద్యుడు పెసొనెల్, అప్పుడే తీసిన పగడాన్ని సముద్రపు నీళ్ళున్న పాత్రలో పెట్టి ఓపిగ్గా చూశాడు. అందరూ పువ్వులనుకుంటున్నవి నీళ్ళలో విచ్చుకోవడం, తాకితే ముడుచుకోవడం గమనించాడు. ఇవి పువ్వులు కావు, ప్రాణులు అని పారిస్‌లోని పండితులకు రాశాడు. వాళ్ళు నమ్మలేదు. అప్పటి పెద్ద శాస్త్రవేత్త రేమూర్, పెసొనెల్ నవ్వులపాలవుతాడని సభలో అతని పేరు కూడా చెప్పలేదట. చాలా ఏళ్ళ తర్వాత, 1740ల్లో, ఇంకొందరు స్వయంగా చూసి అవునన్నారు.

కేసపుత్తంలో కాలాములకు బుద్ధుడు చెప్పింది మనలో చాలామందికి తెలిసిందే. పెద్దలన్నారని, పుస్తకంలో ఉందని, గురువు గొప్పవాడని కాకుండా, స్వయంగా పరిశీలించి తెలుసుకోమన్నాడు. పెసొనెల్‌కు ఆ బోధ తెలిసుండకపోవచ్చు. పాటించింది మాత్రం దాన్నే.

ప్రవాహమే దాని ఇల్లు

విసనకర్ర ఆకారం అందం కోసం వచ్చింది కాదు. నీటి ప్రవాహం ఏ వైపు నుంచి వస్తుందో దానికి అడ్డంగా, వల కట్టినట్టు అది పెరుగుతుంది. ప్రవాహంలో కొట్టుకొచ్చే ప్లవకాలను, అంటే కంటికి కనబడీ కనబడని జీవులను, వేల చేతులతో పట్టి తింటుంది. తిండి కోసం అది ఎక్కడికీ పోలేదు. తిండే దాని దగ్గరికి రావాలి. తెచ్చిపెట్టేది ప్రవాహం. దాని ఊపిరీ, దాని శుభ్రతా ఆ ప్రవాహంతోనే.

వీటిలో రెండు తరహాలున్నాయి. కరీబియన్ సముద్రంలో తక్కువ లోతులో ఉండే చాలా రకాలు తమ కండలో సూక్ష్మమైన నాచును పెట్టుకుంటాయి. ఆ నాచు ఎండను తిండిగా మార్చి కొంత వాటికి పెడుతుంది. మన వైపు సముద్రాల్లో, హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ దాకా, ఎరుపు పసుపు రంగుల్లో మెరిసే రకాల్లో చాలావాటికి ఆ వసతి లేదు. పూర్తిగా ప్రవాహం తెచ్చేదాని మీదే బతకాలి. మనిషి కన్ను ముందు పడేది ఈ రెండో తరహా మీదే. రంగు వాటికే ఎక్కువ కదా మరి.

గాజుతొట్టిలో ఏం జరుగుతుంది?

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం ఇప్పుడు పెద్ద నగరాల్లో ఒక ఖరీదైన సరదా. దాన్ని శ్రద్ధగా చేసేవాళ్ళను నేను తక్కువ చెయ్యను. లీటరు నీటికి ముప్పై అయిదు గ్రాముల ఉప్పు, ఇరవై నాలుగు నుంచి ఇరవై ఆరు డిగ్రీల వేడి, కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత అని రోజూ కొలుస్తారు. చంటిబిడ్డ జ్వరం చూసినట్టు చూస్తారు. అయినా సముద్రపు విసనకర్ర దగ్గర ఆ రంగంలో ఆరితేరినవాళ్ళు కూడా చేతులెత్తేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. కారణం తిండి.

సముద్రంలో దానికి రోజంతా కొంచెం కొంచెంగా తిండి అందుతుంది. తొట్టిలో మనం వెయ్యాలి. ఒక పూట వేస్తే చాలదు, రోజుకు చాలాసార్లు వెయ్యాలి. అదీ దాని నోటికి పట్టేంత చిన్న తిండి. మన కోస్తాలో రొయ్యపిల్లల హేచరీల్లో పనిచేసినవాళ్ళకు ఆర్టీమియా తెలుసు. కొన్ని రకాలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్ల కూడా పెద్ద ముద్దే. సరే, తిండి దండిగా వేశామనుకోండి. తినగా మిగిలింది కుళ్ళుతుంది. నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ పెరుగుతాయి. నాచు మొలుస్తుంది. ఆ నాచు విసనకర్ర కొమ్మలనే పట్టుకుంటుంది. నీళ్ళు శుభ్రంగా ఉండాలని తిండి తగ్గిస్తే ఆకలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ప్రవాహం సంగతీ అంతే. మోటారు పెట్టి నీళ్ళు తిప్పుతారు. ఒకే మూల నుంచి గట్టిగా కొడితే కండ చిరుగుతుంది. నెమ్మదిగా ఉంటే మడ్డి పేరుకుంటుంది. కొన్ని రకాలు అప్పుడప్పుడు మైనంలాంటి పలుచని పొరను విడిచి ఒంటిని శుభ్రం చేసుకుంటాయి. ఆ పొర కొట్టుకుపోవాలన్నా సరైన ప్రవాహం కావాలి. చోటు మార్చడానికి నీళ్ళలోంచి గాలిలోకి ఎత్తితేనే దెబ్బతినే రకాలున్నాయి.

ఇప్పుడు, గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికొద్దాం. రంగు సున్నపు ముక్కల్లో ఉంటుందన్నాను. అందుకని ఆకలితో పాలిప్‌లన్నీ ముడుచుకుపోయినా విసనకర్ర ఎర్రగానే కనబడుతుంది. కాడ గట్టిది కాబట్టి నిలబడే ఉంటుంది. చచ్చిన చేప తేలుతుంది, వాడిన మొక్క తలవాలుస్తుంది. ఇది రెండూ చెయ్యదు. వారాలు, ఒక్కోసారి నెలలు, పస్తులుంటూ అందంగా నిలబడుతుంది. చుట్టాలొచ్చి "ఎంత బాగుందో!" అంటుంటారు. ఆ తర్వాత ఎప్పుడో కొసల నుంచి కండ ఊడిపోయి నల్లటి కాడ బయటపడుతుంది. అప్పుడు తెలుస్తుంది, అది చావడం ఎప్పుడో మొదలైందని.

కోరిక చూసేది ఆకారాన్నే

మిత్రులారా, ఈ చిన్న పుస్తకంలో నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. కోరిక ఆకారాన్ని చూస్తుంది. ప్రాణం ఉండేది పరిస్థితుల్లో. విసనకర్రను రాతి నుంచి విరిచి తీసుకురావచ్చు. దాన్ని విసనకర్రగా చేసిన ప్రవాహాన్ని తీసుకురాలేం. ఏ వస్తువూ తనంత తాను నిలబడదు, కారణాలు కూడితే ఉంటుంది, అవి తొలగితే పోతుంది అని చెప్పే పటిచ్చసముప్పాదాన్ని మనం పాఠంగా వల్లెవేస్తాం. ఈ ప్రాణి దాన్ని ఒంటితో చూపిస్తోంది. "నాకిష్టం, నా దగ్గరుండాలి" అనేది తణ్హ. పట్టుకుని వదలకపోవడం ఉపాదానం. అది ఎలా బతుకుతుందో అడగకపోవడం అవిజ్జ. మూడూ కలిసి ఒక గాజుతొట్టిలో ఉన్నాయి.

"దానికి మెదడే లేదు కదా, బాధేముంటుంది?" అని ఒక వాదన ఉంది. మెదడు లేని మాట నిజమే. నరాల అల్లిక మాత్రం ఉంది, తాకితే ముడుచుకుంటుంది. మనలాగా బాధపడుతుందని నేను అనను. కానీ బౌద్ధ భిక్షువుకు ఉండే ఎనిమిది వస్తువుల్లో నీళ్ళు వడపోసుకునే గుడ్డ ఒకటి. తాగే నీటిలో ఉన్న చిన్న ప్రాణి తన నిర్లక్ష్యం వల్ల పోకూడదని ఆ గుడ్డ. ఆ ప్రాణి ఏడుస్తుందా, దానికి మెదడుందా అని వినయం అడగలేదు. విశాఖ – భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కినవాళ్ళు చూసే ఉంటారు. భిక్షువులు రాతిలో తొలిచిన నీటితొట్ల వల్లే ఆ కొండకు ఆ పేరు. ఎదురుగా కనుచూపుమేర సముద్రం. వాళ్ళు తొట్లు తొలిచింది తమకు అవసరమైన నీళ్ళు నిలవ చేసుకోవడానికి. సముద్రాన్ని చూడాలంటే తల ఎత్తి చూసేవాళ్ళు.

ఇక్కడ చిక్కు ప్రశ్న ఒకటుంది, దాటవేయకూడదు. విసనకర్ర కూడా రోజూ వేల ప్రాణులను తింటుంది. మనం చేపలు తింటాం. మరి దీన్ని తేవడం మాత్రం ఎందుకు తప్పు? బాబాసాహెబ్ అంబేడ్కర్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ ముడిని విప్పారు. చంపాల్సిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అన్నారు. అహింసను బుద్ధుడు గుడ్డిగా పాటించే నియమంగా కాక, ఆలోచించి నడుచుకునే సూత్రంగా ఇచ్చాడని వివరించారు. విసనకర్ర తినేది ఆకలికి. జాలరి వల వేసేది పొట్టకు. హాలులో సోఫా ఎదురుగా ఎర్రటి అలంకారం ఉండాలనుకోవడం ఏ ఆకలికి? అవసరం అనే మాట అక్కడ నిలబడదు. ఇవ్వనిది తీసుకోకూడదనే రెండో శీలాన్ని కూడా దీని పక్కన పెట్టి చూడండి. సముద్రం దాన్ని మనకు ఇచ్చిందా?

తీసుకునేటప్పుడు ఏమేం తీసుకుంటున్నామో కూడా మనకు తెలియదు. 1969లో పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దీవుల్లో బార్జిబాన్ అనే ఆయన నౌమియా అక్వేరియం కోసం సముద్రపు విసనకర్రను తీశాడు. తీరా పరీక్షగా చూస్తే దాని కొమ్మల మీద రెండు సెంటీమీటర్ల నీటిగుర్రాలున్నాయి. వాటి ఒంటి మీది బుడిపెలు అచ్చం ముడుచుకున్న పాలిప్‌లలా ఉన్నాయి. అప్పటిదాకా శాస్త్రానికే తెలియని జాతి అది. ఆయన తీసింది ఒక అలంకారం కాదు, ఇంకొకరి ఇల్లు.

అన్ని అక్వేరియంలూ తప్పేనా?

కాదు. అలా అంటే మళ్ళీ గుడ్డి నియమమే అవుతుంది. ఆ మరుగుజ్జు నీటిగుర్రాలను మొట్టమొదట తొట్టిలో పెంచి, పిల్లలు పెట్టించినట్టు 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియం ప్రకటించింది. వాళ్ళకు ఎదురైన పెద్ద సవాలు గుర్రం కంటే ముందు విసనకర్రే. అది బతికితేనే గుర్రం బతుకుతుంది. అంటే వాళ్ళు ఆకారంతో ఆగలేదు, పరిస్థితుల దాకా వెళ్ళారు. ఎండతో బతికే రకాల్లో కొన్నింటిని కొమ్మ కత్తిరించి, తొట్టిలోనే కొత్తవి పెంచే పద్ధతులూ ఉన్నాయి. నేర్చుకోవడం, నేర్పించడం ఉద్దేశమైతే గాజు అద్దం కూడా బడి అవుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో రెండు జాతుల విసనకర్రలను సముద్రం నుంచి అసలు తియ్యకూడదని చట్టం ఉంది. అభిరుచి ఉన్నచోటే హద్దు కూడా గీసుకున్నారు.

కాబట్టి తొట్టి ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. దాని బతుకు నా బాధ్యత అనుకున్నానా, దాని అందం నా హక్కు అనుకున్నానా? అదీ ప్రశ్న.

గోడ మీది పటం

ఇక మన ఇళ్ళ సంగతి. గాజుతొట్టి పెట్టగలిగేవాళ్ళు కొద్దిమంది. కానీ 'ఇంద్రజాల్' అనే పేరుతో నల్లటి జల్లెడలాంటి వేరును పటం కట్టి అమ్మడం మీరు వినే ఉంటారు. అడవిలో దొరికే అరుదైన మూలిక అంటారు. ఇంట్లో పెడితే దిష్టి తగలదని, చేతబడి పారదని, లక్ష్మి నిలుస్తుందని చెబుతారు. అది వేరు కాదు, మూలిక కాదు. ఎండబెట్టిన సముద్రపు విసనకర్ర. ఒక ఊరు ఊరంతా చచ్చిన ఎముక. 'హత్తా జోడి' అని అమ్మేది కూడా మొక్క కాదు, మగ ఉడుము జననాంగం. మూడు వందల ఏళ్ళ కింద పెసొనెల్ ఒక పాత్రలో నీళ్ళు పోసి తేల్చిన సంగతిని, సెల్‌ఫోన్ చేతిలో ఉన్న మనం ఇంకా మూలిక అని కొంటున్నాం.

2001 నుంచి మన దేశంలో సముద్రపు విసనకర్ర వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. పులి ఉన్న జాబితా అది. తీసినా, అమ్మినా, కొని దాచినా నేరం. మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా ఉన్న మన్నార్ సింధుశాఖ దీవుల చుట్టూ ఇవి పెరుగుతాయి. అక్కడ నీళ్ళలో మునిగేవాడు, వలలో పడినదాన్ని అమ్ముకునేవాడు పేదవాడు. పట్టుబడితే జైలుకు పోయేదీ ఎక్కువగా అతనే. పటం ముందు అగరుబత్తి వెలిగించే మనం మాత్రం భక్తులం! సరుకు ఎక్కడ పుడుతుందో అడిగేముందు గిరాకీ ఎక్కడ పుడుతుందో అడగాలి. అది మన భయంలో పుడుతుంది. దిష్టి భయం, అప్పు భయం, పక్కవాడు బాగుపడతాడన్న భయం. ఆ భయాన్ని వదిలించుకునే దారిలో నడుస్తున్నామని చెప్పుకునే మన ఇళ్ళలో ఆ పటం ఉండకూడదు.

మనుషుల దగ్గరా ఇంతే

మొదట్లో రెండో జవాబు బాకీ ఉన్నాను. పల్లె నుంచి పదేళ్ళ పిల్లను తెచ్చి ఇంటిపనికి పెట్టుకుంటారు. "మా పిల్లలా చూసుకుంటున్నాం, తిండికి బట్టకు లోటులేదు" అంటారు. అబద్ధం కూడా కాకపోవచ్చు. కానీ ఆ పిల్ల బడి, తోటి పిల్లలు, తల్లి పిలుపు, తన వాడ – ఆ ప్రవాహమంతా కోసేసి తిండి ఒక్కటి పెడుతున్నాం. పిల్ల నిలబడే ఉంటుంది, చెప్పిన పని చేస్తుంది, నవ్వమంటే నవ్వుతుంది. రంగు చెదరదు. లోపల ఏది ముడుచుకుపోయిందో ఎవరూ చూడరు. పెళ్ళి చేసుకుని తెచ్చిన అమ్మాయిని చదువు మాన్పించి "మహారాణిలా ఉంచాం" అనేవాళ్ళూ ఉన్నారు. బతికున్నట్టు కనబడటం, బతకడం ఒకటి కావని సముద్రపు విసనకర్ర చెబుతోంది. మనిషి విషయంలో ఆ మాట మరీ నిజం.

మనం చేయగలిగినవి

ఒకటి. ఇంద్రజాల్ అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అది ఏమిటో నలుగురికీ చెప్పండి. అమ్ముతున్నవాళ్ళ సంగతి అటవీశాఖకు తెలియజెయ్యండి.

రెండు. పిల్లలు చేపలతొట్టి అడిగితే ముందు ఒక ప్రశ్న వేయించండి: "ఇది ఎక్కడ పుట్టింది, ఏం తింటుంది, ఎన్నాళ్ళు బతుకుతుంది?" జవాబు దొరికేదాకా కొనొద్దు. వెతికే ఆ వారంలో పిల్లలు నేర్చుకునేది తొట్టి నేర్పేదానికంటే ఎక్కువ.

మూడు. ఇప్పటికే ఉప్పునీటి తొట్టి ఉన్నవాళ్ళు సముద్రం నుంచి విరిచి తెచ్చినదాన్ని దేన్నీ అందులో పెట్టకండి.

నాలుగు. వారానికి ఒకరోజు ధ్యానం అయ్యాక, మీరు "నావాళ్ళు" అనుకునే ఒక్కరిని మనసులోకి తెచ్చుకోండి. వాళ్ళు బతకడానికి ఏ ప్రవాహం కావాలి? దానికి నేను దారి ఇస్తున్నానా, అడ్డుగా నిలబడ్డానా? ఇంతే ప్రశ్న. జవాబు ఎవరికీ చెప్పక్కర్లేదు. అడ్డుగా ఉన్నామని తెలిస్తే మాత్రం పక్కకు జరగాలి.

సముద్రపు విసనకర్రను మనలో చాలామంది ప్రాణంతో ఎప్పటికీ చూడకపోవచ్చు. చూడకపోయినా అది అక్కడ, తన రాతి మీద, తన ప్రవాహానికి అడ్డంగా చేతులు చాచి ఉండనీయండి. మన కంటికి దక్కకపోయినా దాని బాగు కోరుకోగలిగితే, మెత్త అంటే ఏమిటో మనకు కొంచెం తెలిసినట్టే.